నాన్న కారు డోరు వాలిపోయింది, హింజ్‌లు ఇంట్లోనే మార్చుకోవచ్చా?

ఈ వారం ఉత్తరం బాపట్ల నుంచి. రాసినావిడ పేరు వేయొద్దన్నారు. గుంటూరులో ఉద్యోగం, వారం వారం పుట్టింటికి వెళ్లొస్తుంటారు. నాన్నగారు ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యారు. 2003లో కొన్న మారుతి 800ని ఇప్పటికీ తనే చూసుకుంటారు, ఇంకొకరి చేతికి ఇవ్వరు. ఏడాదిగా ఆ కారు ఎడమవైపు ముందు డోరు కిందికి వాలింది, మూయాలంటే చేత్తో కాస్త పైకి లేపి తోయాలి. అమ్మగారికి మోకాళ్ల నొప్పులు, ఆవిడ కూర్చునేది ఆ సీట్లోనే, దిగేటప్పుడు డోరు మీద చెయ్యి వేసి లేస్తారు.

ఊళ్లో ఒక షెడ్డులో చూపిస్తే, కారు బాడీ మీద డోరు లాకు వచ్చి పట్టుకునే కొక్కేన్ని కొంచెం కిందికి దించి పంపించారట. కొన్నాళ్లు డోరు బాగానే పడింది. తర్వాత ఒకరోజు చీరాల రోడ్డులో మలుపు తిరుగుతుంటే దానంతటదే తెరుచుకుంది. అమ్మగారు బెల్టు పెట్టుకుని ఉన్నారు కాబట్టి సరిపోయింది. ఇంకో షెడ్డులో అడిగితే రెండు హింజ్‌లు (డోరుని కారుకి పట్టి ఉంచే మడత కీళ్లు), టింకరింగ్ (రేకు పని), పెయింటింగ్ కలిపి ఆరున్నర వేలు అన్నారు. నాన్నగారేమో "రెండు హింజ్‌లకి షెడ్డెందుకు, ఇంట్లో నేనే మారుస్తా" అంటున్నారు. కానీ ఆయనకు షుగరు, కుడి భుజం పట్టేసి చెయ్యి పైకి లేవడం లేదు. ఈ మధ్యలో ఈవిడ భర్త అందరి ముందూ "పదిహేనేళ్లు దాటిన డొక్కు, రేపోమాపో రోడ్డు మీద పట్టుకుపోతారు, అమ్మేయండి మామయ్యా" అన్నారు. అప్పట్నుంచి మామా అల్లుళ్ల మధ్య మాటలు లేవు. "నాన్నని కాదనలేను, చెయ్యనివ్వాలంటే భయం. ఇది అసలు ఇంట్లో అయ్యే పనేనా? నేను సాయం పట్టగలనా? కారు అమ్మించేయడమే మంచిదా?" అని అడిగారు.

చూడండమ్మా, ముందు ఒక్క విషయం, ఇది మాత్రం ఈ రోజు నుంచే. ఆ డోరు సంగతి తేలేదాకా అమ్మగారిని ఆ సీట్లో కూర్చోబెట్టకండి. వెనక సీట్లో కూర్చోబెట్టి బెల్టు పెట్టండి, లేదా ఆటోలో తీసుకెళ్లండి. కారు డోరు లాకు రెండు దశల్లో పడుతుంది. మొదటి టక్కుకి సగం పట్టుకుంటుంది, రెండో టక్కుకి పూర్తిగా పట్టుకుంటుంది. సగం పట్టినా బయటికి మూసినట్టే కనిపిస్తుంది, కానీ డోరు అంచు వెనక డోరు కంటే ఒక వెంట్రుకవాసి బయటికి ఉంటుంది. మీ డోరు ఆ రోజు చాలావరకు ఆ మొదటి టక్కు మీదే వేలాడుతూ ఉండి ఉంటుంది.

ఆ షెడ్డువాళ్లు చేసింది చాలాచోట్ల చేసే పనే, కానీ నాకు అస్సలు నచ్చని పని. డోరు కిందికి జారింది, లాకు కొక్కేనికి అందడం లేదు, అందుకని కొక్కేన్ని కిందికి దించేశారు. జారడం ఎందుకు మొదలైందో చూడలేదు. హింజ్ అరుగుతూనే ఉంటుంది కదా, డోరు ఇంకొంచెం జారుతుంది, మళ్లీ అందదు. పైగా హింజ్‌లు మొయ్యాల్సిన బరువు కొంత లాకు మీద పడుతుంది, లాకు కూడా అరగడం మొదలవుతుంది. చెక్క ముక్క అడ్డం పెట్టి డోరు నొక్కి హింజ్‌ని వంచడం ఇంకో పద్ధతి, అదీ ఇంతే. చూపుకి గీత కలుస్తుంది, లోపల అరుగుదల అలాగే ఉంటుంది, హింజ్ రేకు బలం కూడా పోతుంది.

మీరు ఉత్తరంలో ఒక్క ముక్కలో చెప్పి వదిలేసిన సంగతి ఇంకొకటి ఉంది: అమ్మగారు డోరు మీద చెయ్యి వేసి లేస్తారని. మామూలుగా ఏ కారులోనైనా ముందు అరిగేది డ్రైవర్ డోరే, ఎక్కువసార్లు తెరిచేది అదే కాబట్టి. మీ కారులో అది బాగానే ఉండి ఎడమ డోరు వాలిందంటే కారణం చాలావరకు ఇదే. పూర్తిగా తెరిచిన డోరు చివర మనిషి బరువు వేస్తే ఆ లాగుడంతా పై హింజ్ మీద పడుతుంది. ఇది అమ్మగారి తప్పని చెప్పడానికి కాదు, మోకాలు నొప్పి ఉన్నవాళ్లు చేతికి అందినదే పట్టుకుంటారు. నాన్నగారు కారుని సరిగ్గా చూసుకోలేదన్నదీ నిజం కాదు, మీవారు అన్నట్టు కారు డొక్కు అయిపోయిందన్నదీ దీన్నిబట్టి తేలదు. కొత్త కారుకైనా ఈ వాడకంలో అదే జరుగుతుంది. కాబట్టి హింజ్ మార్చినా, కారే మార్చినా, ఆవిడ దిగే పద్ధతి కూడా మారాలి. సీటు మీద గట్టి దిండు వేస్తే కాస్త ఎత్తు వస్తుంది, లేవడం తేలికవుతుంది. ముందు రెండు కాళ్లూ బయటపెట్టి, తిరిగి కూర్చుని, ఒక చెయ్యి సీటు అంచు మీద, ఇంకో చెయ్యి మనిషి చేతిలో. అరుగు పక్కన, కాస్త ఎత్తు నేల ఉన్న చోట ఆపితే ఇంకా మంచిది.

ఇక అసలు ప్రశ్న. ఇంట్లో అయ్యే పనేనా అంటే, అది హింజ్‌ని బట్టి కాదు, హింజ్ పట్టుకుని ఉన్న స్తంభాన్ని బట్టి, అంటే డోరు ముందు అంచు పక్కన కారు బాడీలో నిలువుగా ఉండే భాగాన్ని బట్టి. ముందు అది తేల్చుకోండి, ఇందుకు ఏమీ విప్పక్కర్లేదు. పగటిపూట డోరు సగం తెరిచి, చివర కింద రెండు చేతులూ పెట్టి నెమ్మదిగా పైకి ఎత్తండి, వదలండి, మళ్లీ ఎత్తండి. మీరు ఎత్తుతుంటే నాన్నగారు టార్చి వేసి హింజ్‌ల దగ్గర చూడాలి, వేలు ఆనించి పెట్టాలి. హింజ్ రెండు ముక్కలు కలిసే పిన్ను దగ్గర టిక్కుటిక్కుమని కదిలితే పిన్నూ, అది తిరిగే చిన్న గొట్టం ముక్క, అంటే బుష్షూ అరిగాయి. పిన్ను గట్టిగా ఉండి, హింజ్ రేకే స్తంభం మీదో డోరు మీదో కదిలితే బోల్టులు వదులయ్యాయి, బిగిస్తే సరిపోవచ్చు, రూపాయి ఖర్చుండదు. బోల్టు బిగువుగానే ఉండి, దాని చుట్టూ ఉన్న స్తంభం రేకే లోపలికీ బయటికీ ఊపిరి పీలుస్తున్నట్టు ఆడుతుంటే అది వేరే సంగతి, దాని దగ్గరికి వస్తాను. ఇంకో పరీక్ష, డోరుని చాలా నెమ్మదిగా మూస్తూ వెనక అంచు చూడండి. కొక్కేనికి తగిలిన క్షణంలో డోరు కాస్త పైకి ఎక్కి కూర్చుంటోందంటే ఇంకా వాలే ఉంది.

స్తంభం ఎందుకు చూడమంటున్నానంటే మీది బాపట్ల. సముద్రం పక్కన ఇరవై ఏళ్లు తిరిగిన బండి. హింజ్ చుట్టూ పెయింటు పొంగిందా, గోటితో గీకితే పొర లేస్తోందా, బోల్టు తల పక్కనుంచి సన్నటి పగులు గీత బయల్దేరిందా, ఇవి చూడాలి. డోరు కింది అంచు కూడా తడమండి, నీళ్లు పోయే కన్నాలు మట్టితో మూసుకుపోతే లోపల నీళ్లు నిలిచి అక్కడ్నుంచే తినేస్తుంది. ఇలాంటివి కనిపిస్తే ఇంట్లో పని అన్న ఆలోచన అక్కడితో ఆపేయండి. ముందు స్తంభం అంటే కారుకి డోరు తగిలించుకునే కొయ్య కాదు, ఎదురుగా గుద్దుకుంటే దెబ్బ కాసే భాగం. అక్కడ వెల్డింగ్ చేయాలంటే బ్యాటరీ తీసేసి, లోపల మ్యాటు, వైరింగు పక్కకి జరిపి, చేతికి అనుభవం ఉన్న టింకరింగ్ మనిషి చెయ్యాలి. నాన్నగారు బస్సులు విప్పి బిగించిన మనిషి, ఆయనకి ఇది చెబితే అర్థమవుతుంది. మీరు చెప్పే బదులు టార్చి ఆయన చేతికే ఇవ్వండి, ఆయనే చూసి ఆయనే చెప్తారు.

స్తంభం శుభ్రంగా ఉంది, పిన్నులే అరిగాయి అనుకుందాం. అప్పుడు మూడు దారులు. కొత్త హింజ్‌లు కొనడం ఒకటి. మారుతి 800 తయారీ 2014 జనవరిలో ఆపేశారు గానీ, అప్పటికి ముప్ఫై ఏళ్లుగా అమ్మిన కారు, సామాను కోసం మరీ దేవులాడక్కర్లేదు. కొనేటప్పుడు ఎడమ, కుడి, పైది, కిందిది వేర్వేరని గుర్తుంచుకోండి. పాతది ఫోటో తీసి పట్టుకెళ్లండి, బోల్టు కన్నాల మధ్య దూరం కొలిచి పోల్చండి, డబ్బా మీద పేరు చూసి తెచ్చేయకండి. కొత్తవి ఉత్త ఇనుమో, ప్రైమర్ పూతో ఉంటాయి. బిగించే ముందే పెయింటు వేయాలి, వెనకవైపు కూడా, మీ ఊరి గాలికి అది తప్పదు.

రెండోది, గుంటూరులోనో విజయవాడ ఆటోనగర్‌లోనో విప్పేసిన కార్ల సామాను దగ్గర పాత హింజ్‌లు. కంపెనీ సరుకు దొరుకుతుంది, చవక. కానీ అదీ అరిగి ఉండొచ్చు. చేతిలో పట్టుకుని రెండు ముక్కల్నీ పైకీ కిందికీ లాగి చూడాలి. మడతపెట్టే వైపు తప్ప ఇంకే వైపూ కదలకూడదు. ఏమాత్రం కదిలినా వద్దు, మీ సమస్యని డబ్బిచ్చి కొని తెచ్చుకున్నట్టే.

మూడోది మీ నాన్నగారికి నచ్చే దారి అనుకుంటా. ఉన్న హింజ్‌నే విప్పి లేత్ షాపుకి తీసుకెళ్తే, పాత పిన్ను తీసేసి, కన్నం సాఫీ చేసి, కొంచెం లావు పిన్ను, ఇత్తడి బుష్షు వేసి ఇస్తారు. రేకు మంచిదైతే ఇది కొత్తదానికి ఏమీ తీసిపోదు, ఒక్కోసారి బజారు హింజ్ కంటే ఎక్కువ కాలం వస్తుంది. అయితే లేత్ మనిషి చేతిని బట్టి ఉంటుంది. పిన్ను బిగుతైతే డోరు బరువెక్కి అమ్మగారికి తెరవడం కష్టమవుతుంది, వదులైతే ఆరునెలలకి మళ్లీ మొదటికొస్తుంది. హింజ్ విప్పాక తిరిగొచ్చేదాకా డోరు ఒక్క హింజ్ మీద ఉంటుంది కాబట్టి కారు కదపకూడదు, డోరు మూసి వదిలేయాలి, అది కూడా లెక్కలో వేసుకోండి.

పని పద్ధతి చెప్తాను, మీరు చదివి నాన్నగారికి వినిపించండి, ఆయన దీనికి ఇంకో నాలుగు కలుపుతారు. ముందురోజు రాత్రే బోల్టుల మీద తుప్పు వదిలించే ఆయిల్ కొట్టండి, రాత్రంతా నాననివ్వండి. ఇరవై ఏళ్ల బోల్టుని నానబెట్టకుండా బలం పెడితే తల తెగుతుంది, తెగితే డ్రిల్లింగు, అప్పుడు రెండు గంటల పని రెండు రోజులవుతుంది. డోరు బాగా తెరిచి అన్ని బోల్టు తలలకీ స్పానర్ నిటారుగా అందుతోందా చూసుకోండి. ఏదైనా అందకపోతే ముందు చక్రం మీది రేకు, అంటే ఫెండర్, విప్పాలి, ఇది పని మొదలెట్టాక తెలుసుకునే సంగతి కాదు. డోరులో స్పీకరుకో, తర్వాత వేయించిన సెంట్రల్ లాకుకో వైర్లుంటే బ్యాటరీ నెగటివ్ తీసేయండి.

తర్వాత మార్కింగ్. పాత హింజ్ అంచు చుట్టూ సన్నగా గీత గీయాలి, స్తంభం మీదా డోరు మీదా. గోళ్ల రంగు చక్కగా పనికొస్తుంది, నూనె తగిలినా అంత తొందరగా పోదు. ఫోటో కూడా తీసుకోండి. ఈ గీతే రేపు మీకు దారి చూపేది, అది లేకపోతే డోరు కుదర్చడానికి సాయంత్రం దాకా కుస్తీ పట్టాలి.

బరువు సంగతి జాగ్రత్త. గాజు, గాజు ఎక్కించే మెషీను, లాకు అన్నీ డోరులోనే ఉంటాయి, చూడ్డానికి పల్చగా ఉన్నా ఒక్కరు పట్టుకునేది కాదు. కారు చదునైన నేల మీద, హ్యాండ్ బ్రేకు వేసి, చక్రాలకి రాళ్లు పెట్టి ఉండాలి. డోరు కింద జాకీ, జాకీ మీద వెడల్పు చెక్క, చెక్క మీద మడతపెట్టిన గోనెసంచి. జాకీ డోరుని ఎత్తకూడదు, ఊరికే బరువు ఆనాలి. దీంతోపాటు ఒక మనిషి డోరుని రెండు చేతులా పట్టుకునే ఉండాలి, జాకీ ఉంది కదా అని వదలకూడదు. డోరు మరీ తెరుచుకోకుండా ఆపే పట్టీ అడ్డొస్తే దాని పిన్ను తీసేయండి, అప్పట్నుంచి డోరు వెనక్కి వెళ్లి ఫెండర్‌కి కొట్టుకోకుండా చూడటం కూడా పట్టుకున్నవాళ్ల పనే.

రెండు హింజ్‌లూ ఒకేసారి విప్పకండి. ఇంట్లో చేసేటప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన మాట ఇదే. పైది మార్చి, గీతకి సరిగ్గా కలిపి, బోల్టులు చేత్తో బిగించి, స్పానర్‌తో ఓ మాదిరిగా ఆనించి, అప్పుడు కిందిది. ఒకటి ఎప్పుడూ పట్టుకుని ఉంటుంది కాబట్టి డోరు ఊడి మీద పడదు, కొలతా తప్పదు. రెండూ అయ్యాక జాకీ మెల్లగా దించి, డోరు నెమ్మదిగా మూసి, ఫెండర్‌కీ డోరుకీ మధ్య సందు పైనుంచి కిందిదాకా ఒకేలా ఉందా, ముందు డోరు గీత వెనక డోరు గీతతో కలిసిందా చూడండి. పాత హింజ్ అరిగిన స్థితిలో గీసిన గుర్తు కాబట్టి ఒకటి రెండు సవరింపులు మామూలే. అప్పుడు పూర్తిగా బిగించండి.

కొక్కెం చివర్లో. షెడ్డువాళ్లు దించారు కదా, ఇప్పుడు డోరు తన చోటికి వచ్చింది, కొక్కెం మళ్లీ పైకి పోవాలి. దాని స్క్రూలు వదులు చేయండి గానీ పూర్తిగా ఊడదీయకండి, చాలా కార్లలో వెనక ఉండే మర ప్లేటు స్తంభంలోకి జారిపోతుంది, దాన్ని బయటికి తీయడం పెద్ద తలనొప్పి. లాకు నోరు కొక్కేనికి సరిగ్గా మధ్యలోకి వచ్చేలా జరిపి బిగించండి. రెండు టక్కులూ వినిపించాలి, చిన్నగా తోస్తే పడాలి, అమ్మగారి చేత ఒకసారి వేయించి చూడండి.

మరి ఎవరు చేయాలి? నాన్నగారి భుజం ఆ పరిస్థితిలో ఉండగా డోరు పట్టుకునే పని ఆయనకి ఇవ్వకూడదు, ఇందులో రెండో మాట లేదు. షుగరు ఉన్నవాళ్లకి భుజం అలా పట్టేయడం మామూలే, దాని మీద ఒక్కసారిగా బరువు పడితే నెలల తరబడి బాధ. కానీ స్పానర్ తిప్పడానికీ, గీత కలిసిందో లేదో చెప్పడానికీ భుజం పైకి లేవనక్కర్లేదు. పట్టుకోవడానికి మీరొక్కరే కాకుండా ఇంకో మనిషి ఉంటే మంచిది, ఆ మనిషి మీవారే అయితే మరీ మంచిది. "మీ కారు అమ్మమని అన్నందుకు సారీ చెప్పండి" అని ఆయన్ని కూర్చోబెట్టి అడిగితే ఇద్దరికీ ఇబ్బంది. "ఆదివారం డోరు పట్టుకోవడానికి మనిషి కావాలి, రండి" అంటే వస్తారు. నాన్నగారితో కూడా "నువ్వు చేయలేవు" అనకండి, "మేం పట్టుకుంటాం, నువ్వు బిగించు" అనండి. ఆయన వృత్తిలో ఎప్పుడూ ఒంటరిగా చేసి ఉండరు, డిపోలో హెల్పర్ లేకుండా బస్సు డోరు ఎవరు విప్పుతారు?

మీవారు రాలేకపోయినా, ఇంట్లో అంత చోటు లేకపోయినా షెడ్డుకే ఇవ్వండి, అందులో చిన్నతనం లేదు. నాన్నగారు పక్కనుండి చూసుకుంటే చాలు. అయితే ఆరున్నర వేలలో ఏది ఎంతో విడదీసి అడగండి. స్తంభం బాగుండి బోల్టు హింజ్‌లే మార్చేటప్పుడు టింకరింగ్, పెయింటింగ్ ఎందుకో వాళ్లు చూపించాలి. పెయింటు పనంటే హింజ్ వరకే, డోరంతా అక్కర్లేదు. హింజ్ మార్చకుండా కొక్కెం జరిపి ఇస్తామంటే వద్దని చెప్పండి.

ఇక అమ్మడం. మీవారు చెప్పినదాంట్లో తప్పూ ఉంది, ఒప్పూ ఉంది. పదిహేనేళ్లు దాటితే పట్టుకుపోతారన్నది ఢిల్లీ చుట్టుపక్కల పెట్రోలు కార్ల నిబంధన, ఆంధ్రలో అలాంటి నిషేధం లేదు. ఇక్కడ ఫిట్‌నెస్ చూపించి ఆర్సీ ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించుకోవాలి, మీ కారుకి 2018లో, 2023లో అయి ఉండాలి, ఒకసారి ఆర్సీ తీసి తేదీ చూడండి. 2022 ఏప్రిల్ నుంచి ఆ ఫీజు ఐదు వేలు, 2025 ఆగస్టులో ఇరవై ఏళ్లు దాటిన కార్లకి పది వేలు చేశారు, కాబట్టి 2028లో ఖర్చు ఉంటుంది. అసలు ఆలోచించాల్సింది ఇంకొకటి, ఆ కారులో ఎయిర్‌బ్యాగులు లేవు. ఊళ్లో గుడికీ ఆసుపత్రికీ తిరగడం వేరు, అమ్మగారిని కూర్చోబెట్టుకుని హైవే మీద విజయవాడ దాకా రావడం వేరు. ఆ రెండో వాడకం ఎక్కువగా ఉంటే మీవారి మాట విందాం, కానీ నలుగురి ముందు కాదు, నాన్నగారిని విడిగా అడిగి. ఊళ్లో తిరగడానికే అయితే డోరు బాగుచేసుకుని ఇంకొన్నాళ్లు వాడుకోవచ్చు. ఏది అనుకున్నా డోరు మాత్రం ముందు బాగుచేయించండి. అలా తెరుచుకునే డోరుతో కారుని ఇంకొకరికి అమ్మడం సరికాదు.

మార్చాక పిన్ను మీద అప్పుడప్పుడు రెండు చుక్కలు ఆయిల్ వేసి, పైకి వచ్చింది గుడ్డతో తుడిచేయండి. గ్రీజు దట్టంగా పూసి వదలకండి, మీ ఊళ్లో గాలికి ఇసుక వచ్చి అంటుకుంటే అదే పిన్నుని అరగదీస్తుంది. నెల తిరిగాక డోరు మళ్లీ సగం తెరిచి ఎత్తి చూడండి, బోల్టులకి స్పానర్ ఆనించండి. ఒక్కసారి కాస్త బిగుసుకుంటే మామూలే. రెండోసారీ అదే బోల్టు వదులైతే లోపల మర పట్టు పోయినట్టు, అప్పుడింక ఇంట్లో ప్రయత్నించకుండా టింకరింగ్ షెడ్డుకి తీసుకెళ్లండి.